ప్లేట్‌లెట్ల లెక్క సరే, పనితనం మాటేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

రక్త పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది కళ్ళు ముందు ప్లేట్‌లెట్ల సంఖ్య మీదకే పోతాయి. అది బాగుంటే హమ్మయ్య అనుకుంటారు. ఆ సంఖ్య చెప్పని సంగతి ఒకటుంది, ప్లేట్‌లెట్ల పనితనం. దాన్ని చూసే పరీక్షల గురించే ఈ ప్రశ్నలన్నీ. పరీక్ష రాయించుకున్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు, ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు తరచు అడిగేవి ఇవి. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది చదివి ఏ మందూ మీ అంతట మీరు మానొద్దు, మార్చొద్దు.

సీబీసీలో ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయన్నారు. మళ్ళీ ఈ పరీక్ష దేనికి?

సీబీసీ అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష. దాని మెషీను ప్లేట్‌లెట్లను లెక్కపెడుతుంది, అంతే. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటే మామూలేనంటుంది. ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో దానికి తెలియదు. హాజరు పట్టీలో అందరి పేర్ల పక్కనా టిక్కు పడినంత మాత్రాన పని జరిగినట్టు కాదు కదా.

రోజూ ఆస్పిరిన్ వేసుకునే మనిషికి రెండున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉండవచ్చు, కానీ వాటిలో దాదాపు ప్రతిదానికీ ఒక చెయ్యి కట్టేసినట్టే. గ్లాంజ్‌మన్ థ్రాంబాస్తీనియా అనే పుట్టుకతో వచ్చే జబ్బులో లెక్క శుభ్రంగా ఉంటుంది, అయినా పసితనం నుంచే ముక్కు నుంచీ చిగుళ్ళ నుంచీ రక్తం పోతూ ఉంటుంది. దీనికి తిరగేసిన సంగతీ ఉంది. రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే ఐటీపీ జబ్బులో లెక్క ముప్పై వేలకు పడిపోయినా, కొందరికి పెద్దగా రక్తస్రావమే ఉండదు. ఉన్న కాసినీ కొత్తగా పుట్టినవి, చురుకైనవి కావడం అందుకు ఒక కారణం.

ప్లేట్‌లెట్ "పనిచేయడం" అంటే అసలు ఏం చేస్తుంది?

రెండు మూడు మైక్రాన్ల ముక్క అది. ఎముక మూలుగలో ఉండే మెగాకేరియోసైట్ అనే పెద్ద కణం నుంచి తెగి రక్తంలో పడుతుంది. కేంద్రకం ఉండదు. ఏడు నుంచి పది రోజులు బతుకుతుంది. కేంద్రకం లేదు కాబట్టి చెడిపోయిన ఎంజైమును మళ్ళీ తయారుచేసుకోలేదు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, ఆస్పిరిన్ దగ్గర మళ్ళీ వస్తుంది.

రక్తనాళం తెగిందనుకోండి. లోపలి గోడ కింద దాగి ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ బయటపడుతుంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్ దానికి అంటుకుని తాడులా సాగుతుంది. వేగంగా పోతున్న ప్లేట్‌లెట్లు తమ ఒంటి మీది జీపీ1బీ అనే కొక్కేలతో ఆ తాడును పట్టుకుంటాయి. ఇది అంటుకునే దశ. పట్టు దొరకగానే ప్లేట్‌లెట్ గుండ్రంగా మారి ముళ్ళు వేస్తుంది, లోపలి సంచుల్లో దాచుకున్న ఏడీపీ అనే రసాయనం వగైరాలను కుమ్మరిస్తుంది, థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని అప్పటికప్పుడు తయారుచేస్తుంది. ఈ రెండూ చుట్టుపక్కల ప్లేట్‌లెట్లను రమ్మని పిలిచే కేకలు. చివరికి జీపీ2బీ-3ఏ అనే మరో రకం కొక్కేలు తెరుచుకుని, ఫైబ్రినోజెన్ అనే రక్తంలోని ప్రోటీన్ వారధిగా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. గాయానికి బిరడా పడుతుంది.

అంటుకోవడం, పిలవడం, పెనవేసుకోవడం. ఈ మూడింట్లో ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడమే ఈ పరీక్షల పని. ఏ ఒక్క పరీక్షా మూడింటినీ ఒకేలా చూడలేదు. గందరగోళమంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఎవరికి ఈ పరీక్ష రాస్తారు?

రెండు రకాలవాళ్ళకి. మొదటివాళ్ళు కారణం తెలియకుండా రక్తం పోతున్నవాళ్ళు. రెండోవాళ్ళు ప్లేట్‌లెట్లను కావాలనే మందగింపజేసే మందులు వాడుతున్నవాళ్ళు. వీళ్ళ ప్రశ్నలు వేరు, పరీక్షలూ చాలావరకు వేరు.

మొదటి రకంలో చూసే లక్షణాలు ఇవి: తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగని ముక్కు రక్తం, పన్ను పీకించుకున్నాక మర్నాటి దాకా ఊరుతూనే ఉండటం, ప్రసవం తర్వాత మోతాదు మించి పోవడం. అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది నెలసరి. వారం దాటి సాగడం, గంట గంటకూ ప్యాడ్ మార్చాల్సి రావడం, గడ్డలు గడ్డలుగా పోవడం మామూలు కాదు. "మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఇంతే" అన్న మాట వింటే మాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. అందరికీ ఉందంటే మామూలని కాదు, వంశపారంపర్యం కావచ్చని.

ఈ లక్షణాలకు మార్కులు వేసే అంతర్జాతీయ పట్టిక ఒకటుంది. పెద్దవాళ్ళలో మగవారికి 4, ఆడవారికి 6, పిల్లలకు 3, ఆపైన వస్తే రక్తస్రావ ధోరణి ఉందని అనుమానించాలి. ఈ పట్టిక నింపడానికి పట్టే అరగంటను దండగ అనుకునేవాళ్ళున్నారు. నన్నడిగితే, ఖరీదైన మెషీను కంటే ఆ అరగంటే ఎక్కువ చెబుతుంది.

నేరుగా ఇదే చేయించుకోవచ్చా?

వద్దు. ముందు సీబీసీ, గాజు పలక మీద రక్తపు పూత, గడ్డకట్టే పరీక్షలైన పీటీ, ఏపీటీటీ, ఆ తర్వాత వాన్ విల్లెబ్రాండ్ పరీక్షలు. పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో, ఆ ఫ్యాక్టర్ తగ్గినా చెడినా వచ్చే వాన్ విల్లెబ్రాండ్ జబ్బే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని వదిలేసి ప్లేట్‌లెట్ల వెంట పడితే దారి తప్పినట్టే.

రక్తపు పూతను మైక్రోస్కోపు కింద కళ్ళారా చూడటం పాతకాలం పనిలా ఉంటుంది కానీ దానికి సాటి లేదు. బెర్నార్డ్-సూలియే అనే, జీపీ1బీ కొక్కేలు పుట్టుకతోనే లోపించే జబ్బులో ప్లేట్‌లెట్లు ఎర్రకణాలంత పెద్దవిగా ఉంటాయి. మెషీను వాటిని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టక, ఉన్నవాటికంటే తక్కువ చూపిస్తుంది. ఇలాంటివాళ్ళకు ఐటీపీ అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు ఇచ్చిన సందర్భాలున్నాయి, ప్లీహం తీసేసినవీ ఉన్నాయి. ఒక్కసారి పలక చూసి ఉంటే తప్పేది. ఇంకొకటి, సీబీసీ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు ట్యూబులోనే గుంపు కడతాయి. మెషీను ఒక్కో గుంపును వదిలేసి "తక్కువ" అంటుంది. దాని బదులు సిట్రేట్ వేసిన ట్యూబులో మళ్ళీ తీస్తే సాధారణంగా అసలు లెక్క బయటపడుతుంది. జబ్బు మనిషిలో లేదు, ట్యూబులో ఉంది.

చర్మం మీద గాటు పెట్టి గడియారం చూసే పరీక్ష ఇంకా ఉందా?

బ్లీడింగ్ టైం. 1910లో డ్యూక్ చెవి తమ్మె మీద గాటు పెట్టి మొదలుపెట్టాడు. తర్వాత ఐవీ పద్ధతిలో అది ముంజేతికి మారింది, చేతికి బీపీ పట్టీ కట్టి 40 మిల్లీమీటర్ల ఒత్తిడి పెట్టి చేసేవారు. ఆ రోజుల్లో అంతకంటే గతి లేదు. కానీ గాటు లోతు, చర్మం మందం, గది చలి, చేసే మనిషి చెయ్యి, అన్నిటినిబట్టీ ఫలితం మారిపోతుంది. ఆపరేషన్‌లో ఎవరికి ఎక్కువ రక్తం పోతుందో ఈ పరీక్ష ముందుగా చెప్పలేదని 1990లలోనే తేలిపోయింది. అయినా ఆపరేషన్‌కు ముందు రాసే జాబితాల్లో ఇది అలవాటుగా కనిపిస్తూనే ఉంటుంది. చేతి మీద మచ్చ తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

అగ్రిగోమెట్రీ అంటే ఏమిటి? దాన్నే ప్రామాణికం అంటారెందుకు?

1962లో గుస్తావ్ బోర్న్ కనిపెట్టిన పద్ధతి ఇది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మాక్స్ బోర్న్ కొడుకాయన. తండ్రి క్వాంటం సిద్ధాంతంతో కుస్తీ పట్టాడు, కొడుకు ఒక దీపం, ఒక గాజు గొట్టంతో వైద్యానికి అరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరని పరీక్షనిచ్చాడు.

సంగతి చాలా తేలిక. రక్తపు ట్యూబును గిరగిరా తిప్పే మెషీనులో పెట్టి నెమ్మదిగా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోయి, పైన ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా మిగులుతుంది. అది మబ్బు పట్టినట్టు మసకగా ఉంటుంది, వెలుతురు సరిగా దూరదు. దాన్ని శరీరపు వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక చిన్న కడ్డీతో కలుపుతూ ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే మందు ఒక చుక్క వేస్తారు. ప్లేట్‌లెట్లు గుంపులు కడితే ద్రవం తేరుకుంటుంది, వెలుతురు దూసుకుపోతుంది. ఎంత వెలుతురు, ఎంత త్వరగా దాటిందో గ్రాఫు గీస్తుంది. పూర్తిగా తేరిన ప్లాస్మాను 100 శాతంగా, మసక ప్లాస్మాను సున్నాగా పెట్టుకుంటారు.

వేసే చుక్కలు మామూలుగా ఐదు రకాలు: ఏడీపీ, కొల్లాజెన్, అడ్రినలిన్, థ్రాంబాక్సేన్‌కు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం, రిస్టోసెటిన్. ఒక్కొక్కటీ ప్లేట్‌లెట్‌ను ఒక్కో తలుపు దగ్గర తడుతుంది. ఏ తలుపు తెరుచుకోలేదో చూసి లోపలి లోపాన్ని ఊహిస్తారు.

రిస్టోసెటిన్ కథ వేరే చెప్పాలి. అది నిజానికి యాంటీబయాటిక్. రోగుల్లో ప్లేట్‌లెట్లు తగ్గిపోతున్నాయని వాడకం ఆపేశారు. ఎందుకు తగ్గుతున్నాయని తవ్వితే, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను ప్లేట్‌లెట్లకు అంటిస్తోందని తేలింది. మందుగా పనికిరాకపోవడానికి కారణమైన గుణమే దాన్ని ల్యాబు అలమరలోకి చేర్చింది.

గ్రాఫులో గీతలు తప్ప నాకేం అర్థం కాలేదు. డాక్టరు అందులో ఏం చూస్తారు?

ఒక్క గీతను కాదు, అన్ని గీతలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

రిస్టోసెటిన్‌కు తప్ప మిగతా నాలుగింటికీ గీత లేవకుండా పడుకుంటే గ్లాంజ్‌మన్. పెనవేసుకునే కొక్కేలే లేవు కాబట్టి ఎవరు తట్టినా ఫలితం ఉండదు. 1918లో ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్ వర్ణించిన జబ్బు ఇది. దీనికి అచ్చంగా అద్దంలో బొమ్మ లాంటిది బెర్నార్డ్-సూలియే: నాలుగూ లేస్తాయి, రిస్టోసెటిన్ ఒక్కటే లేవదు. వాన్ విల్లెబ్రాండ్ జబ్బులో కూడా రిస్టోసెటిన్ గీత పడిపోవచ్చు, అయితే ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపితే అది లేస్తుంది. బెర్నార్డ్-సూలియేలో ఎంత కలిపినా లేవదు. మామూలువాళ్ళకు చలనమే రానంత తక్కువ రిస్టోసెటిన్‌కు గీత ఎగబాకిందంటే 2బీ రకం వాన్ విల్లెబ్రాండ్ జబ్బును అనుమానిస్తారు.

అరాకిడోనిక్ ఆమ్లానికి బొత్తిగా స్పందన లేదంటే, పదింట తొమ్మిదిసార్లు ఆ మనిషి ఆస్పిరినో, నొప్పి మాత్రో వేసుకున్నాడని నేననుకుంటాను. మాత్ర వేసుకోలేదని ఖాయంగా తేలాకే పుట్టుకతో వచ్చిన లోపం గురించి ఆలోచించాలి. ఏడీపీ, అడ్రినలిన్ గీతలు కాస్త లేచి, సంచుల్లోని సరుకు కుమ్మరించాక రావాల్సిన రెండో అల రాకుండా జారిపోతే లోపలి సంచుల్లో సరుకు లేదేమో చూడాలి. దాన్ని సంచుల లోపం అనుకుందాం. అయితే ఈ లోపం ఉన్న కొందరిలో అగ్రిగోమెట్రీ మామూలుగానే వచ్చేస్తుంది, అందుకే సంచుల్లోంచి బయటపడే ఏటీపీ అనే రసాయనాన్ని కాంతి ద్వారా కొలిచే పరీక్షో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపో తోడు కావాలి.

పీఎఫ్ఏ పరీక్ష అన్నారు. అది దీనికంటే తేలికటగా?

తేలికే. పీఎఫ్ఏ అంటే ప్లేట్‌లెట్ ఫంక్షన్ అనలైజర్ అనే మెషీను. కొల్లాజెన్ పూసిన పొరలో సూది మొనంత రంధ్రం ఉంటుంది. రక్తాన్ని దాని గుండా వేగంగా పీలుస్తారు. ప్లేట్‌లెట్లు ఆ రంధ్రాన్ని ఎన్ని సెకన్లలో మూసేస్తాయో మెషీను చెబుతుంది. రెండు రకాల కార్ట్రిడ్జ్‌లుంటాయి, ఒకదానిలో కొల్లాజెన్‌తో పాటు అడ్రినలిన్, మరోదానిలో ఏడీపీ. మొదటిది ఆలస్యమై రెండోది మామూలుగా ఉంటే తరచుగా ఆస్పిరినే కారణం.

తీవ్రమైన జబ్బుల్ని ఇది బాగానే పడుతుంది, తేలికపాటివాటిని వదిలేస్తుంది. రక్తహీనత బాగా ఉన్నా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా సమయం ఊరికే పెరిగిపోతుంది. కాబట్టి ఇది మామూలుగా వచ్చిందని నిశ్చింతగా ఉండటమూ తప్పే, పెరిగిందని హడలిపోవడమూ తప్పే.

మిగతా పరీక్షల పేర్లు విన్నాను. వాటి సంగతి?

క్లుప్తంగా చెబుతాను. ప్లాస్మా విడదీయకుండా మొత్తం రక్తంలోనే రెండు తీగలు ముంచి, వాటికి ప్లేట్‌లెట్లు పేరుకునేకొద్దీ పెరిగే విద్యుత్ నిరోధాన్ని కొలిచేది ఇంపెడెన్స్ పద్ధతి. కొద్దిపాటి రక్తంతో ప్లేట్‌లెట్ ఒంటి మీద ఏ కొక్కేలున్నాయి, ఏవి లేవు అని రంగు అద్ది చూసేది ఫ్లో సైటోమెట్రీ, పసిపిల్లలకూ లెక్క తక్కువగా ఉన్నవాళ్ళకూ ఇది వరం. 1948లో హార్టర్ట్ మొదలుపెట్టిన థ్రాంబో ఎలాస్టోగ్రఫీ గడ్డ ఎంత గట్టిగా కట్టుకుంటోందో చూపిస్తుంది, గుండె ఆపరేషన్లప్పుడూ కాలేయ మార్పిడిలోనూ ఏ రక్త పదార్థం ఎక్కించాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. మామూలు థ్రాంబో ఎలాస్టోగ్రఫీ మాత్రం ఆస్పిరిన్ ప్రభావాన్ని పట్టుకోలేదు.

పరీక్షకు ముందు ఏ మందులు ఆపాలి?

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఈ పేజీలో లేదు.

ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లో థ్రాంబాక్సేన్ తయారీకి కావాల్సిన కాక్స్-1 ఎంజైముకు శాశ్వతంగా తాళం వేస్తుంది. కేంద్రకం లేని ప్లేట్‌లెట్ కొత్త ఎంజైము తయారుచేసుకోలేదు కాబట్టి ఆ ప్లేట్‌లెట్ బతికినంత కాలం తాళం అలాగే ఉంటుంది. రోజుకు పదో వంతు చొప్పున కొత్త ప్లేట్‌లెట్లు వస్తాయి కనుక ఫలితం పూర్తిగా తేరుకోవడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. స్టెంటు వేసినవాళ్ళకు ఇచ్చే క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్ మందులు కూడా ఏడీపీ అందుకునే పీ2వై12 తలుపును శాశ్వతంగానే మూస్తాయి. అదే కోవకు చెందిన టికాగ్రెలోర్ వేసిన తాళం మాత్రం ఊడుతుంది. ఇబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రల ప్రభావం తాత్కాలికం, ఒకటి రెండు రోజుల్లో చాలావాటిది దిగిపోతుంది.

జలుబు మాత్రల్లో, తలనొప్పి పొడుల్లో, ఒళ్ళునొప్పుల మందుల్లో ఆస్పిరిన్ దాక్కుని ఉంటుంది. "మందులేమైనా వాడుతున్నారా" అంటే "ఏమీ లేదండీ" అనేవాళ్ళే "మొన్న తలనొప్పికి ఏమైనా వేసుకున్నారా" అంటే "ఆ, ఒక్కటే" అంటారు. ఆ ఒక్కటే చాలు. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు, చేపనూనె గుళికలు, వెల్లుల్లి సారంతో చేసిన మాత్రలు కూడా లెక్కలోకి వస్తాయి. వాడేవన్నీ చీటీ మీద రాసి తీసుకెళ్ళండి, ఆకుమందులతో సహా.

స్టెంటు ఉన్నవాళ్ళు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు పరీక్ష కోసమని ఆస్పిరిన్‌గానీ క్లోపిడోగ్రెల్‌గానీ ఆపడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. స్టెంటు మూసుకుపోవచ్చు. ఆ నిర్ణయం గుండె డాక్టరుదే.

పరగడుపునే వెళ్ళాలా?

వెళ్తే మేలు. కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే ప్లాస్మా పాలలా తెల్లబడి వెలుతురు లెక్క తప్పుతుంది. నీళ్ళు తాగవచ్చు. ఆ పూట కాఫీ వద్దు, కనీసం అరగంట ముందు నుంచి పొగ వద్దు. పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆయాసంతో చెయ్యి చాపకండి, కాసేపు కూర్చోండి.

రక్తం తీయడంలో అంత జాగ్రత్త దేనికి?

ప్లేట్‌లెట్ తొందరపాటు మనిషి లాంటిది. ఇసుమంత రేగితే చాలు, సూదిలోనే, గొట్టంలోనే పని మొదలుపెట్టేస్తుంది. అప్పుడు మెషీను దాకా చేరేది అలసిపోయిన ప్లేట్‌లెట్. అందుకని 21 గేజి సూది వాడతారు, చేతికి పట్టీ వదులుగా కడతారు, ఒక్క పోటుకే నరం దొరకాలి. మొదట వచ్చే కొన్ని మిల్లీలీటర్లను ఈ పరీక్షకు వాడరు. 3.2 శాతం సోడియం సిట్రేట్ ఉన్న ట్యూబులోకి తొమ్మిది పాళ్ళు రక్తం, ఒక పాలు సిట్రేట్ ఉండేలా గీత దాకా నింపాలి. కుదపకుండా రెండు మూడుసార్లు ఒంపి కలపాలి.

తర్వాత ఆ ట్యూబు గది వేడిలోనే ఉండాలి. చల్లదనం ప్లేట్‌లెట్‌ను రేపుతుంది. రక్తనిధిలో ప్లేట్‌లెట్ సంచుల్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టకుండా 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊపుతూ ఉంచే అలవాటు అందుకే వచ్చింది. ఒకసారి ఒక వార్డు నుంచి శాంపిల్‌ను ఎంతో శ్రద్ధగా ఐసు డబ్బాలో పెట్టి పంపారు. పంపినవాళ్ళ మంచి మనసు అర్థమైంది, శాంపిల్ మాత్రం పారబోయక తప్పలేదు. ఆ రోగిని మళ్ళీ పిలిచి మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. గాలి ఒత్తిడితో గొట్టంలో దూసుకుపోయే పెట్టెల్లోనూ వీటిని పంపకూడదు, చేతితో తీసుకెళ్ళాలి. కాసేపు ట్యూబుకు విశ్రాంతినిచ్చి, తీసిన నాలుగు గంటల్లోపు పరీక్ష ముగించాలి. అందుకే చాలాచోట్ల ఈ పరీక్షకు ముందుగా సమయం తీసుకుని, పొద్దున్నే, ల్యాబుకే వచ్చి ఇమ్మంటారు. బయట ఎక్కడో తీసి పంపిస్తామనేవాళ్ళను నమ్మకండి.

స్టెంటు వేశారు. క్లోపిడోగ్రెల్ పనిచేస్తోందో లేదో పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న సబబైనదే. క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచేసే మందు కాదు, కాలేయం దాన్ని మార్చాలి. మార్చే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ2సీ19. అది పుట్టుకతోనే మందకొడిగా ఉన్నవాళ్ళలో మందు సరిగా పనిచేయదు. ఆసిడిటీకి వాడే ఒమెప్రజోల్ కూడా అదే ఎంజైముకు అడ్డు తగులుతుంది. రక్తం ఇచ్చిన నిమిషాల్లో ప్లేట్‌లెట్లు ఇంకా ఎంత చురుగ్గా ఉన్నాయో అంకె రూపంలో చెప్పే చిన్న మెషీన్లు ఉన్నాయి. వెరిఫైనౌ మెషీనులో ఆ అంకె 208 దాటితే మందు అంతగా పట్టలేదని అంటారు. అలా అంకె ఎక్కువగా ఉన్నవాళ్ళకు స్టెంటు మూసుకుపోయే ముప్పు ఎక్కువన్నదీ నిజమే.

అయితే అంకె చూసి మందు మారిస్తే మేలు జరుగుతుందా? ఇక్కడే కథ అడ్డం తిరిగింది. 2011లో వచ్చిన గ్రావిటాస్ అధ్యయనంలో అంకె ఎక్కువున్నవాళ్ళకు మోతాదు పెంచి చూశారు, తేడా కనబడలేదు. 2012లో 2,440 మందితో ఆర్క్‌టిక్, 2016లో పెద్ద వయసువాళ్ళతో అంటార్క్‌టిక్, ఫలితం అదే. ముప్పును చూపించగలిగిన పరీక్ష ముప్పును తప్పించే దారి చూపలేకపోయింది. అందుకే స్టెంటు పడ్డ ప్రతి ఒక్కరికీ ఇది చేయమని మార్గదర్శకాలు చెప్పవు. 2017లో ట్రాపికల్-ఏసీఎస్ మాత్రం మరో వైపు నుంచి వచ్చింది: గట్టి మందైన ప్రాసుగ్రెల్ నుంచి క్లోపిడోగ్రెల్‌కు దిగాలనుకున్నప్పుడు పరీక్ష చూసి దిగితే ప్రమాదం పెరగలేదు. మందులు వాడుతుండగానే స్టెంటు మూసుకుపోయినవాళ్ళు, రక్తస్రావం ముప్పు బాగా ఉన్నవాళ్ళు, ఇలాంటి కొద్దిమందిలో డాక్టరు అడిగితే అర్థముంది.

"ఆస్పిరిన్ పనిచేయడం లేదు" అని రిపోర్టు వచ్చింది. నిజమేనా?

ముందు చూడాల్సింది మాత్ర నిజంగా వేసుకుంటున్నారా అని. మందు లొంగలేదనుకున్నవాళ్ళలో చాలామంది అసలు క్రమంగా వేసుకోనివాళ్ళే. రెండోది, ఆస్పిరిన్‌కు ముందు ఇబూప్రోఫెన్ వేసుకుంటే అది తాళం వేసే చోట ముందే కూర్చుని ఆస్పిరిన్‌ను రానివ్వదు. మూడోది, కడుపులో కరగకుండా పైపూత వేసిన మాత్రలు కొందరిలో సరిగా ఒంటబట్టవు. ఈ మూడూ తేలాక అసలు లొంగనివాళ్ళు చాలా కొద్దిమందే మిగులుతారు.

ఆపరేషన్‌కు ముందు అందరికీ అవసరమా?

అవసరం లేదు. రక్తస్రావ చరిత్ర లేనివాళ్ళకు చేస్తే తప్పుడు భయాలు తప్ప ఉపయోగం తక్కువ. క్లోపిడోగ్రెల్ 5 రోజులు, ప్రాసుగ్రెల్ 7 రోజులు, టికాగ్రెలోర్ 3 నుంచి 5 రోజులు ముందుగా ఆపడం బైపాస్ ఆపరేషన్లకు మామూలు లెక్క. అన్నాళ్ళు ఆగలేని రోగికి పరీక్ష చేసి, ప్లేట్‌లెట్లు తేరుకున్నాయని తెలిస్తే ముందే ఆపరేషన్ చేసే పద్ధతి కొన్ని గుండె కేంద్రాల్లో ఉంది.

డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పనితనం పరీక్ష చేయించమంటారా?

వద్దు. లెక్క లక్ష కంటే దిగువన ఉంటే అగ్రిగోమెట్రీ గీతలను నమ్మలేం. పైగా డెంగ్యూలో చికిత్స ఈ పరీక్ష మీద ఆధారపడదు.

కిడ్నీలు పాడైనవాళ్ళకు లెక్క బాగున్నా రక్తం ఎందుకు ఆగదు?

పేరుకుపోయిన మలినాలు ప్లేట్‌లెట్లను మొద్దుబారుస్తాయి. రక్తహీనత కూడా తోడవుతుంది: ఎర్రకణాలు నాళం మధ్యలో నిండుగా పారుతూ ప్లేట్‌లెట్లను గోడ వైపు నెడతాయి, అవి తగ్గితే ప్లేట్‌లెట్లకు గోడ దూరమవుతుంది. అందుకే డయాలిసిస్‌తో పాటు రక్తహీనత తగ్గించినా రక్తస్రావం అదుపులోకొస్తుంది. అత్యవసరమైతే, ఒంట్లోని వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను రక్తంలోకి విడుదల చేయించే డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు, గంటలోపే పనిచేస్తుంది, కొన్ని గంటలే నిలుస్తుంది.

ఒక గీత తేడాగా ఉందన్నారు. జబ్బు ఉన్నట్టేనా?

ఒక్కసారికి తేల్చకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కొందరికి అడ్రినలిన్ గీత లేవదు, వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. తేడా కనబడితే కొన్ని వారాల తర్వాత, మందుల చీటీ మరోసారి చూసుకుని, కొత్త శాంపిల్‌తో మళ్ళీ చేయాలి. రెండోసారీ అదే గీత, అదే తీరులో వస్తే అప్పుడు నమ్మవచ్చు. అవసరమైతే జన్యు పరీక్ష.

అన్నీ మామూలుగానే వచ్చాయి, రక్తం మాత్రం పోతూనే ఉంది. నాది భ్రమా?

కాదు. ట్యూబులో రక్తం పారదు, నాళం గోడ ఉండదు, గాయం ఉండదు. తేలికపాటి లోపాలు ఈ పరీక్షల జల్లెడలోంచి జారిపోతాయి. పరీక్షలన్నీ బాగుండి రక్తస్రావ చరిత్ర మాత్రం గట్టిగా ఉన్నవాళ్ళను కారణం తేలని రక్తస్రావ ధోరణి అనే పేరుతోనే గుర్తించి, ఆపరేషన్లప్పుడు మిగతావాళ్ళలాగే రక్షణ ఇస్తారు. "రిపోర్టు బాగుంది, ఇంటికి వెళ్ళండి" అని ఎవరైనా అంటే మరో రక్తవ్యాధి నిపుణుడికి చూపించుకోండి.

జబ్బు ఖాయమైతే ఏం చేస్తారు?

తేలికపాటివాటికి రోజూ మందు అక్కర్లేదు. నెలసరికి, పన్ను పీకేటప్పుడు, కట్టిన గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం, కొన్నిటికి డెస్మోప్రెసిన్. డెస్మోప్రెసిన్ తీసుకున్న రోజు నీళ్ళు మితంగా తాగాలి, లేకపోతే ఒంట్లో సోడియం పడిపోతుంది. గ్లాంజ్‌మన్ లాంటి తీవ్రమైనవాటికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు, కానీ పదేపదే ఎక్కిస్తే వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి తర్వాత ఎక్కించినవి పనిచేయకుండా పోతాయి. అందుకే అవసరమైనప్పుడే ఎక్కించి, వీలైనచోట ప్రయోగశాలలో తయారైన, గడ్డకట్టించే ప్రోటీన్ అయిన ఏడో ఫ్యాక్టర్‌ను వాడతారు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, కండలోకి ఇచ్చే ఇంజెక్షన్లు వీళ్ళకు పనికిరావు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ వాడుకోవచ్చు.

ఈ రిపోర్టు ఎన్నాళ్ళు దాచాలి?

వంశపారంపర్య లోపమైతే జీవితాంతం. రిపోర్టు చివర జబ్బేదో తేల్చిన ముఖ్యమైన ఒక్క వాక్యం, గ్రాఫుల కాగితాలు రెండూ ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. పన్ను డాక్టరుకు, ప్రసవం చూసే డాక్టరుకు, మత్తు ఇచ్చే డాక్టరుకు అడగకముందే చూపించండి. తోబుట్టువులకు చెప్పండి, పిల్లలు పుట్టబోతుంటే ప్రసవానికి ముందే పిల్లల డాక్టరుకు కూడా. రిపోర్టు మీద పరీక్ష చేసిన రోజున మీరు వాడుతున్న మందుల పేర్లు రాసి ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే ల్యాబులోనే అడిగి రాయించుకోండి.